ఆ గ్రావెల్ దారిలో బండ్లు ఎందుకు తిరగవంటే



ఈసారి పోస్టు పురుగు మందు గురించీ కాదు, ధాన్యం రేటు గురించీ కాదండీ. సైకిలు గురించి. నవ్వకండి. చివరిదాకా చదివితే మన కాలవ నీళ్ళ దగ్గరికే వస్తాను. ఇవాళ పొద్దున నారుమడికి నీళ్ళు పెట్టి వచ్చాను. జనవరి నుంచి రాద్దాం రాద్దాం అనుకుంటున్నది ఇవాళ రాయకపోతే ఇక రాయలేననిపించింది.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నా ఇల్లు బెజవాడ భవానీపురం. పొలం కంకిపాడు దగ్గర, కృష్ణా తూర్పు డెల్టాలో, రెండెకరాల పది సెంట్లు. మా అమ్మ తరఫున వచ్చింది. నాకు యాభై ఆరు. ఇంటర్ అయ్యాక చదువు ఆగిపోయింది, వ్యవసాయం ఆగలేదు. ఇంటి నుంచి పొలానికి ఇరవై కిలోమీటర్ల పైమాటే. ముప్పై ఏళ్ళు పనుల రోజుల్లో సైకిలు మీదే తిరిగా. అప్పట్లో బందరు రోడ్డు మీద సైకిలోడికి కూడా కాస్త చోటుండేది. రోడ్డు పెద్దదయ్యేకొద్దీ ఆ చోటు చిన్నదైపోయింది.

2022లో ఒకరోజు తెల్లవారుజామున కారు అద్దం తగిలి పడ్డాను. కారు ఆగలేదు. ఎడమ మోచెయ్యి విరిగింది. మా ఇంటిదాని ఒకటే మాట: "ఇంకోసారి సైకిలెక్కితే నా మీద ఒట్టే." ఒట్టు కాబట్టి బస్సులోనూ, వాళ్ళ బండి మీదా వీళ్ళ బండి మీదా పొలానికి పోవడం మొదలుపెట్టా. రెండేళ్ళలో ఎనిమిది కిలోలు పెరిగా. షుగర్ వచ్చింది. డాక్టరుగారు రోజూ గంట నడవమన్నారు. భవానీపురంలో గంట నడవాలంటే ఆ గంటలో నాలుగుసార్లు హారన్‌కి ఉలిక్కిపడాలి.

ఆ తర్వాత 2024 సెప్టెంబరు 1, ఆదివారం. మన జిల్లావాళ్ళకి ఆ రోజు గురించి చెప్పక్కర్లేదు. ఒకపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ పొంగి పోతుంటే, ఇంకోపక్క బుడమేరు తెగి ఊరి మీద పడింది. మా వీధిలో నడుము లోతు నీళ్ళు. పైవాటావాళ్ళ దగ్గర తలదాచుకున్నాం. ఎక్కకుండా గోడకి ఆనించి పెట్టిన నా పాత సైకిలు ఆ బురదలో మునిగిపోయింది. నీళ్ళు తీశాక చూస్తే చైను, బేరింగులు, అన్నీ తుప్పు. పాత ఇనుము వాడికి ఇచ్చేశా.

ఆ రోజుల్లోనే మా బావ ఫోన్ చేశాడు. మా అక్క మొగుడు. పల్నాడు జిల్లా బెల్లంకొండ వైపు, పులిచింతల ముంపు ఊరివాడు. ఇప్పుడు ఉండేది పునరావాస కాలనీలో. ఊరి పేరు రాయొద్దన్నాడు, రాయను. బియ్యం ఉన్నాయా, పిల్లలెట్టా ఉన్నారు అని అన్నీ అడిగాడు. నేను ఇల్లు పోయింది, బీరువా పోయింది అని ఏడుపు మొదలుపెట్టా. అంతా విని ఒక్కమాటన్నాడు.

"వారం పది రోజుల్లో పోతాయి లేరా మీ నీళ్ళు. మావే పోలా."

కోపంగా అనలేదు. నాకు ధైర్యం చెప్పడానికే అన్నాడు. కానీ ఫోను పెట్టేశాక ఆ మాట నన్ను వదల్లేదు. అక్కావాళ్ళ ఊరు మునిగి పదేళ్ళు దాటింది. పండక్కి వాళ్ళే మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఆ ఊరు మునిగిన చోటు చూడ్డానికి ఒక్కసారి కూడా పోలేదు నేను.

దీపావళికి మా పెద్దోడు బెంగళూరు నుంచి వస్తూ ఒక సైకిలు తెచ్చాడు. ధర అడిగితే చెప్పలేదు. మంచి పాడిగేదె ధర అని తర్వాత వాళ్ళమ్మ ద్వారా తెలిసింది. దాన్ని "గ్రావెల్ సైకిల్" అంటారట. "నాన్నా, రోడ్డు మీద వద్దు. కాలవగట్ల మీద, మట్టి దారుల్లో తొక్కు. బండ్లుండవు, అమ్మ ఒట్టు కూడా పోదు" అన్నాడు. అమెరికాలో కాన్సాస్ అనే చోట గ్రావెల్ రోడ్ల మీద 200 మైళ్ళ పందెం పెడతారట. 2006లో మొదలైంది. 2022 నుంచి దీనికి ప్రపంచ ఛాంపియన్‌షిప్ కూడా ఉంది, మొదటిది ఇటలీలో జరిగిందని చూపించాడు. నాకు నవ్వాగలేదు. గ్రావెల్ తోలిన దారిలో బస్తా పెట్టుకుని సైకిలు తొక్కినందుకు కప్పులిచ్చేట్టయితే మన ఊళ్ళలో ఇంటికో కప్పుండాలి.

కానీ బండి మంచిదే. రోడ్డు పందేల సైకిళ్ళ టైర్లు వేలంత సన్నగా ఉంటాయి, దీనివి 40 మిల్లీమీటర్ల వెడల్పు. పళ్ళున్నాయి. డిస్కు బ్రేకులు. ఎత్తు ఎక్కడానికి తేలిక గేర్లు. మా ఇంటిదాని చేత ఒట్టు సడలింపు చేయించుకుని, పోలవరం కుడికాలవ గట్టు మీద రెండు నెలలు తొక్కాను. చెయ్యి నొప్పి పోయింది, భయం కూడా సగం పోయింది. అప్పుడనిపించింది, పులిచింతల పోవాలని.

పులిచింతల అంటే తెలియని డెల్టా రైతు ఉండడు. కానీ చూసినోళ్ళు తక్కువ. నాగార్జున సాగర్‌కి 115 కిలోమీటర్లు దిగువన, మన బ్యారేజీకి 85 కిలోమీటర్లు ఎగువన, రెండు పక్కలా కొండల మధ్య కట్టారు. అసలు పేరు డాక్టర్ కె.ఎల్.రావు సాగర్. ఆయన మన కంకిపాడులో పుట్టి, బెజవాడ ఎంపీగా గెలిచి, కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయినాయన. 2013 డిసెంబరు 7న ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. నిండుగా నింపితే 175 అడుగుల మట్టం, 45.77 టీఎంసీలు. మన బ్యారేజీ దగ్గర నిలిచేది 3 టీఎంసీల చిల్లర. ఆ తేడా గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

2025 సంక్రాంతి అయిన వారానికి బయల్దేరా. మా బావ ఊరివాళ్ళ ట్రాలీ ఆటో బెజవాడ మార్కెట్లో కూరగాయలు దించి ఖాళీగా పోతుంటే సైకిలు అందులో కట్టేశా. చీకటి పడ్డాక కాలనీ చేరాను. అక్క జొన్నరొట్టెలు, పండుమిరపకాయ పచ్చడి పెట్టింది. బావ సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "దీనికి క్యారేజీ లేదేందిరా?" అన్నాడు. స్టాండు కూడా లేదని తెలిశాక ఇంకేం మాట్లాడలేదు.

పొద్దున ఐదున్నరకి ఇద్దరం బయల్దేరాం. బావకి అరవై మూడు. ఆయనది పాత అట్లాస్. క్యారేజీ మీద నీళ్ళ క్యాను, రొట్టెల మూట, ఒక గోనెసంచి. చెప్పులతోనే తొక్కుతాడు.

కాలనీ దాటి తారురోడ్డు మీద కాసేపు పోయాక ఎడమకి తిరిగాం. అక్కణ్ణుంచి ఎర్ర గ్రావెల్ దారి, మొత్తం పదకొండు కిలోమీటర్లు, కొండ ఎక్కి దిగాలి. ముందు రోజు సైకిలు షాపతను టైర్లకి గాలి రాయిలా కొట్టి ఇచ్చాడు. కిలోమీటరు పోయేసరికి నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. పలుగురాయి తగిలినప్పుడల్లా ముందు చక్రం పక్కకి ఎగిరిపోతోంది. బావ ఆగి, నా సైకిలు ఆపి, రెండు టైర్ల గాలీ కొంచెం కొంచెం తీశాడు. "టైరు రాయిని మింగాలిరా. రాయి మీద ఎగరకూడదు" అన్నాడు. మా పెద్దోడు ఫోన్లో 35, 40 పౌండ్లు చాలని చెప్పింది కూడా ఇదే. నేనే వినలా.

దారికి ఒకవైపు నాపరాళ్ళ కొండ, ఇంకోవైపు తుమ్మ, చండ్ర, బలుసు పొదలు. చలి. నెమళ్ళ అరుపులు. అరగంట తొక్కినా ఒక్క బండి ఎదురుకాలేదు. వెనక నుంచి ఏదో వస్తోందేమో అని భుజం మీదుగా చూసే అలవాటు నాకు, 2022 నుంచి. ఆ దారిలో ఎప్పుడు మానేశానో తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు దిగి తోశాను, సిగ్గేం లేదు. బావ కూడా దిగాడు, నా కోసమేనని తెలుసు. కొండ నెత్తి మీదకి చేరేసరికి ఎండ పొడ వచ్చింది. కింద నీళ్ళు.

అంత నీళ్ళు నేను బ్యారేజీ దగ్గర ఎప్పుడూ చూడలేదండీ. కొండల సందుల్లోకి వేళ్ళలా చొచ్చుకుపోయి ఉన్నాయి. అవతలి ఒడ్డు తెలంగాణ, సూర్యాపేట జిల్లా. ఆనకట్టకి అటు చివర 120 మెగావాట్ల కరెంటు ఉత్పత్తి కేంద్రం కూడా ఉంది. గాలి తప్ప చప్పుడు లేదు. ఆ హాయిలో నోరు ఊరుకోక అన్నాను:

"బావా, ఎంత ప్రశాంతంగా ఉంది! పదకొండు కిలోమీటర్లు ఒక్క బండి లేదు. బెజవాడలో లక్ష రూపాయలిచ్చినా ఇట్టాంటి దారి దొరకదు."

బావ సైకిలు స్టాండు వేసి, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఎందుకు తిరుగుతాయిరా బండ్లు? పోవడానికి ఊరుంటేగా."

తర్వాత దిగుడు. రాళ్ళ మీద దిగేటప్పుడు ముందు బ్రేకు ఒక్కటే పడితే తలకిందులవుతాం. రెండూ కొద్దికొద్దిగా పడుతూ, ఒళ్ళు వెనక్కి వాల్చి, బండి చక్రాల జాడలోనే పోవాలి. నేను ఇవన్నీ గుర్తు చేసుకుంటూ దిగుతుంటే బావ చెప్పులు నేలకి రాసుకుంటూ నాకంటే ముందే దిగిపోయాడు. ఆయన పుట్టి పెరిగిన దారి అది. పెళ్ళికి మా అక్కని ఎద్దుబండి మీద తీసుకెళ్ళింది ఆ దారినే. నేను ఆ బండి వెనక సైకిలు మీదే వచ్చానట, అప్పుడు నాకు పద్దెనిమిది. నాకు పెళ్ళి గుర్తుంది, దారి గుర్తు లేదు.

దారి నేరుగా నీళ్ళలోకి పోయింది.

కంచె లేదు, బోర్డు లేదు. గ్రావెల్ రోడ్డు అలా వాలుగా దిగి దిగి నీళ్ళలోకి వెళ్ళిపోయింది. నా ముందు చక్రానికి రెండు గజాల అవతల కూడా నీటి కింద ఎర్రగా కనిపిస్తోంది, ఆపైన కనపడదు. కొంచెం దూరంలో తలలు పోయిన తాటిచెట్లు నాలుగైదు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వాటి మీద నీటికాకులు రెక్కలారబెట్టుకుంటున్నాయి.

"ఆ రెండో చెట్టు దగ్గర మన మిరపచేను గట్టు" అన్నాడు బావ. ఏటి ఒడ్డున నల్లనేల, నాలుగెకరాలు. ఎరువు తక్కువేసినా పండే భూమి. అక్కణ్ణుంచి ఇంకా లోపల ఊరు. రామాలయం, బడి, వాళ్ళ నాన్న సమాధి, అన్నీ వరసగా వేలు పెట్టి చూపిస్తున్నాడు. నాకు కనిపించేది నీళ్ళే.

ఇటు పక్కా అటు పక్కా కలిపి చాలా ఊళ్ళు పోయాయి. పాత వజ్రాల గనుల కొల్లూరు కూడా ఈ నీళ్ళ కిందే. కోహినూరు అక్కడే దొరికిందంటారు. అప్పట్లో అక్కడ అరవై వేల మంది పనిచేసేవాళ్ళని టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి రాసుకున్నాడు. పేపర్లవాళ్ళు కొల్లూరు గురించి రాస్తారు, వజ్రం ఉంది కాబట్టి. మా బావ నాలుగెకరాల మిరపచేను గురించి ఎవరు రాస్తారు? అందుకే నేను రాస్తున్నా.

పరిహారం సంగతి అడిగా. వచ్చింది అన్నాడు. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళయ్యాయి, కాలనీలో ఇల్లు లేచింది, మిగిలింది కరిగిపోయింది. అదే డబ్బుతో నాలుగెకరాల నల్లనేల కొందామని తిరిగితే అప్పటికి చుట్టుపక్కల రేట్లు పెరిగిపోయాయి. ఇప్పుడు మూడెకరాలు కౌలుకి చేస్తున్నాడు. సొంత నాలుగెకరాల రైతు అరవై దాటాక కౌలురైతు అయ్యాడు. ఎవరినీ తిట్టలేదు. "ప్రాజెక్టు వద్దని నేననను. మీ తమ్ముడి పొలానికి నీళ్ళొస్తాయంట అని మీ అక్కకి చెప్పి ఊరు దాటించా" అన్నాడు.

మీలో డెల్టా కాని ఊళ్ళవాళ్ళకి ఇక్కడ కొంచెం చెప్పాలి. పులిచింతల లేనప్పుడు మాకు నీళ్ళు కావాలంటే పైన సాగర్ నుంచి వదలాలి. అక్కడ నీళ్ళు చేరేదాకా మా నారుమళ్ళు లేవు. నారు ఆలస్యమైతే నాట్లు ఆలస్యం, నాట్లు ఆలస్యమైతే కోతలు సరిగ్గా నవంబరు తుపాన్లలో పడతాయి. కోసిన పన మీద వాన పడితే ఏమవుతుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బ్యారేజీ దగ్గర 3 టీఎంసీలతో 13 లక్షల ఎకరాల డెల్టాని ఎన్ని రోజులు లాగగలరు? అందుకని దగ్గర్లో 45 టీఎంసీలు పట్టే చోటు కట్టారు. ఇప్పుడు పట్టిసీమ నుంచి గోదావరి నీళ్ళు కూడా వస్తున్నాయి, కాదనను. కానీ ఆ కొండల మధ్య నిలవున్న నీళ్ళే మన గుండె ధైర్యం. 2021 ఆగస్టు 5న పులిచింతల 16వ నంబరు గేటు కొట్టుకుపోయినప్పుడు, గేటు సరిచేయడానికి నీళ్ళన్నీ కిందకి వదిలేస్తుంటే, మనం ఎంత కంగారుపడ్డామో గుర్తు చేసుకోండి.

ఆ ఒడ్డున కూర్చుని రొట్టెలు తిన్నాం. తిన్నాక బావ అన్నాడు:

"ఒక మాట చెప్తా, కోప్పడవుగా?"

"చెప్పు బావా."

"నాలుగేళ్ళ కింద ఖరీఫ్‌లో మీ ఇంటికి వచ్చినప్పుడు నీ పొలానికి తీసుకుపోయినావు. నీ మడి నిండి, గట్టు మీద నుంచి నీళ్ళు మురుగు కాలవలోకి పోతున్నయ్. రాత్రి తూము మూయడం మర్చిపోయానన్నావు. పోతే పోయినయ్‌లే, కాలవ నిండా ఉన్నాయి కదా అన్నావు. ఆ రోజు అన్నం సయించలా నాకు."

నాకు మాట రాలేదు. ఆ రోజు నాకు అస్సలు గుర్తులేదు. ఎందుకుంటుంది? అలాంటి రోజులు నాకు సీజనుకి పది ఉంటాయి. నిద్ర చెడగొట్టుకుని తూము దగ్గరికి ఎవడు పోతాడని వదిలేసిన రాత్రులు. మురుగు కాలవలో పడిన నీళ్ళు నేరుగా సముద్రానికి. నా మడిలో పొంగి పోయేవి ఈ తాటిచెట్ల చుట్టూ ఉన్న నీళ్ళు.

"తప్పు నాదే బావా" అన్నా. అంతకన్నా ఏమీ చెప్పలేకపోయా. ఆయన గోనెసంచి దులిపి, లేచి, "పద, ఎండెక్కుతోంది" అన్నాడు. వచ్చేటప్పుడు దారి పక్కన ఎండు చండ్ర పుల్లలు ఏరి ఆ సంచిలో వేసుకున్నాడు, మా అక్క నీళ్ళపొయ్యికి. నా గేదె ధర సైకిలుకి క్యారేజీ లేదు కాబట్టి అన్నీ ఆయనే మోశాడు. ఎత్తు మీద ఈసారి ఆయన కోసం నేను దిగాను.

తిరిగొచ్చేటప్పుడు నా వెనక చక్రం పంచరైంది. పల్లేరుకాయ. ట్యూబు మార్చడం మా పెద్దోడు నేర్పాడు గానీ అరగంట పట్టింది. ఆ అరగంటలో కూడా ఒక్క బండీ రాలేదు. పొద్దున అది నాకు హాయిగా ఉండింది. అప్పుడు మాత్రం ఎవరైనా ఒక్కరు, పాలక్యాన్ల వాడో, బడికి పోయే పిల్లలో, ఆ దారిన వస్తే బాగుండనిపించింది.

ఇక మీకు పనికొచ్చే మాటలు. మీలో షుగరు, బీపీ ఉన్నవాళ్ళు చాలామంది. హైవే మీద తొక్కొద్దు. మన కాలవగట్లు, డొంకదారులు ఉన్నాయి. ఖరీదు సైకిలు అక్కర్లేదు, కొంచెం వెడల్పు టైర్లు వేయించుకుని గాలి తగ్గించండి. పల్లేరుకాయలున్న చోట పంచరు సామాను, పంపు వెంట ఉండాలి. కొండదారుల్లోకి ఒంటరిగా పోకండి, ఫోను సిగ్నల్ ఉండదు. రెండు లీటర్ల నీళ్ళు తప్పనిసరి. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఏదైనా తినే బయల్దేరండి, జేబులో బెల్లం ముక్క ఉంచుకోండి. రిజర్వాయరులో ఈతకి మాత్రం దిగొద్దు. పైకి మెట్టలా కనిపిస్తుంది, అడుగున బురద, పాత బావులు ఉంటాయి.

రెండో మాట తూము గురించి. ఈసారి మా మడిలో అడుగు పొడవు ప్లాస్టిక్ పైపు ముక్కకి చుట్టూ రంధ్రాలు పొడిచి పాతబోతున్నా. తడి-పొడి పద్ధతి అంటారు. నాటు బతుకు తిప్పుకున్నాక, ఆ పైపులో నీళ్ళు నేల మట్టానికి అర అడుగు దిగువకి పోయినప్పుడే మళ్ళీ నీళ్ళు పెట్టడం. పూత దశలో మాత్రం మడి ఆరనివ్వకూడదు. వరి ఎప్పుడూ మునిగి ఉండక్కర్లేదని చదువుకున్నవాళ్ళు ఎప్పటినుంచో చెబుతున్నారు. నాకు ఎక్కడానికి పదకొండు కిలోమీటర్ల గ్రావెల్ తొక్కాల్సి వచ్చింది.

ఇవాళ కాలవకి నీళ్ళొచ్చాయి. నారుమడి తడిసింది. తూము నేనే మూసి వచ్చా. బావకి ఫోటో పంపాను, నీళ్ళది కాదు, మూసిన తూముది. ఇంకా చూసినట్టు లేదు, కౌలు చేలో ఉండుంటాడు.

మీ ఇళ్ళలో కూడా ముంపు ఊళ్ళ చుట్టాలు ఎవరైనా ఉంటే ఒకసారి వాళ్ళతో ఆ నీళ్ళ దాకా పోయి రండి. సైకిలు మీదే పోనక్కర్లేదు. ఏ ఊరు, ఎవరి పొలం అని అడగండి, వాళ్ళు చెబుతారు. ఆ మాటలు ఇక్కడ కింద రాయండి, అందరం చదువుదాం.

ఉంటాను మరి.